ఓవర్‌క్లాక్ చేశాక సీపీయూ 100 డిగ్రీలు కొడుతోందా? ఎండాకాలానికి నిలిచేలా సెట్ చేసుకోవడం ఇలా

జనవరిలో ఓ రాత్రి కూర్చుని మా ఇంట్లోని ఇంటెల్ ఐ5-13600కె ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన స్పీడు దాటించి, 5.5 గిగాహెర్ట్జ్‌కి ఎక్కించాను. గదిలో 21 డిగ్రీలు. అరగంట టెస్ట్ నడిపినా 84 దాటలేదు. భలే చిప్పు దొరికిందని మురిసిపోయాను. మే నెల వచ్చింది. అదే సిస్టమ్, అవే సెట్టింగులు. మధ్యాహ్నం మూడింటికి వీడియో రెండరింగ్ పెడితే ఐదు నిమిషాల్లో 100 తాకింది, స్పీడు 4.7కి జారిపోయింది. ఓవర్‌క్లాక్ జోలికే వెళ్లకపోయినా ఆ చిప్పు 5.1 ఇచ్చేది. అంటే కష్టపడి, కరెంటు ఖర్చుపెట్టి, ఉన్నదాన్నే పోగొట్టుకున్నానన్నమాట.

తప్పు చిప్పుది కాదు, నాది. ఎంత ఖరీదైన కూలరైనా గదిలోని గాలితోనే పని చేస్తుంది. గది 17 డిగ్రీలు వేడెక్కితే చిప్పు కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. వీడియోల్లో రివ్యూలు చేసేవాళ్లు చాలామంది 21, 22 డిగ్రీల గదిలో కొలుస్తారు. వాళ్లకు 78 వచ్చిందంటే, రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో ఏసీ లేని గదిలో మనకు 94 వస్తుందనుకోవాలి. అందుకే ఇప్పుడు ఓవర్‌క్లాక్‌ను వేసవి మధ్యాహ్నానికి లెక్కేసి చేస్తున్నాను. చలికాలంలో మిగిలేది బోనస్. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

మొదలుపెట్టే ముందు

ఇంటెల్‌లో పేరు చివర కె, కెఎఫ్ లేదా కెఎస్ ఉన్న ప్రాసెసరు, జెడ్690, జెడ్790 లాంటి జెడ్ సిరీస్ మదర్‌బోర్డు రెండూ ఉంటేనే మల్టిప్లయర్ (స్పీడును నిర్ణయించే గుణకం) పెంచడం కుదురుతుంది. ఏఎమ్‌డీ రైజెన్‌కు బీ, ఎక్స్ సిరీస్ బోర్డులు సరిపోతాయి. ఏ520, ఏ620 బోర్డుల్లో కుదరదు. ఓవర్‌క్లాక్ చేసి పాడు చేసుకుంటే వారంటీ అడగడం కష్టం. ఆ సంగతి తెలిసే దిగండి.

మీది ఇంటెల్ 13 లేదా 14వ తరం చిప్పు అయితే ముందు బయోస్ (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. ఈ తరాల చిప్పులు కొన్ని, అవసరానికి మించి వోల్టేజీ అడగడం వల్ల మెల్లమెల్లగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే చెప్పింది. ఆ ఆగస్టులో, 1.55 వోల్టులు దాటి అడగకుండా కట్టడి చేసే మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది. అది లేని పాత బయోస్‌తో ఓవర్‌క్లాక్ చేయడమంటే కాలువ గట్టు తెగాక పొలానికి నీళ్లు పెట్టడమే.

ఇంకొక మాట, భయపడేవాళ్ల కోసం. థ్రాట్లింగ్, అంటే వేడెక్కి స్పీడు తగ్గించుకోవడం, జబ్బు కాదు, చిప్పు తనను తాను కాపాడుకునే పద్ధతి. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న సిస్టమ్‌ల మీద నుంచి కూలర్లు పీకేసి వీడియో తీశారు. పెంటియం 4 నెమ్మదించి బతికి బయటపడింది, ఏఎమ్‌డీ అథ్లాన్ పొగలు కక్కి పోయింది. ఇప్పటి చిప్పులన్నీ ఆ పెంటియం బాటలోనే ఉన్నాయి. హద్దు తాకగానే స్పీడు తగ్గించుకుంటాయి, ఇంకా వేడెక్కితే సిస్టమ్‌నే ఆపేస్తాయి. 13600కెకి ఆ హద్దు 100 డిగ్రీలు. రైజెన్ 5 5600ఎక్స్‌కి 95, 5800ఎక్స్3డీకి 90, 7800ఎక్స్3డీకి 89. మీ చిప్పుది ఎంతో కంపెనీ పేజీలో ఉంటుంది, చూసి రాసి పెట్టుకోండి.

ముందు నోటు పుస్తకం తీయండి

బయోస్‌లోకి వెళ్లి అన్నీ డిఫాల్ట్‌కి తెచ్చేయండి. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను వేగంగా నడిపే సెట్టింగు) కూడా ఆపేయండి. లేకపోతే రేపు సిస్టమ్ ఆగిపోయినప్పుడు తప్పు ర్యామ్‌దో సీపీయూదో తేలక జుట్టు పీక్కోవాలి. విండోస్‌లో వేడి, వోల్టేజీ చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 ప్రోగ్రామ్ వేసుకుని, తెరిచేటప్పుడు సెన్సార్లు మాత్రమే చూపించమని టిక్ పెట్టండి. దాని పక్కన, సీపీయూకి పూర్తి పని పెట్టి స్కోరు ఇచ్చే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాల టెస్టు నడపండి.

టెస్టు అయ్యాక ఐదు అంకెలు రాసుకోండి: గది వేడి, సీపీయూ ప్యాకేజీ గరిష్ఠ వేడి, ప్యాకేజీ పవర్ ఎన్ని వాట్లు, లోడ్‌లో ఉన్నప్పటి వీకోర్ (కోర్లకు అందే వోల్టేజీ), స్కోరు. గది వేడి చాలామంది రాసుకోరు. అది లేకపోతే మిగతా నాలుగూ దండగ. గోడకు తగిలించే చవక థర్మామీటరు చాలు. దాన్ని క్యాబినెట్ గాలి పీల్చే వైపు, ఒక అడుగు దూరంలో పెట్టండి. సిస్టమ్ వెనక పెడితే అది వదిలే వేడిగాలినే కొలుస్తుంది.

చిప్పు వేడిలోంచి గది వేడి తీసేస్తే వచ్చే తేడానే మీ అసలు అంకె. నా చిప్పుకి డిఫాల్ట్‌లో ఆ తేడా 46. ఆ 5.5 గిగాహెర్ట్జ్ దగ్గర 63. మా గది మే నెలలో 38 దాకా వెళ్తుంది. 38కి 63 కలిపితే 101. జనవరిలోనే ఈ కూడిక చేసి ఉంటే ఆ రాత్రి నిద్రైనా దక్కేది.

ఆపుతున్నది వేడేనా?

స్పీడు తగ్గగానే అందరూ కూలర్‌ని తిడతారు. స్పీడును ఆపే కారణాలు ఒకటి కాదు, నాలుగున్నాయి. ఏదో తేల్చుకోకుండా కొత్త కూలర్ కొంటే డబ్బులు వృథా.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కిందకు వెళ్తే ఇంటెల్ చిప్పులకు కోర్ థర్మల్ థ్రాట్లింగ్, పవర్ లిమిట్ ఎక్సీడెడ్ అనే వరుసలు కనిపిస్తాయి. మొదటిది 'యెస్' అని మారితే వేడే. రెండోది మారి, వేడి మాత్రం 75 దగ్గరే ఉందంటే మీకున్నది వేడి సమస్య కాదు, బయోస్‌లో పెట్టిన వాట్ల పరిమితి. 13600కెకి ఇంటెల్ చెప్పే గరిష్ఠ టర్బో పవర్ 181 వాట్లు. కొన్ని బోర్డులు దాన్ని 125కే బిగిస్తాయి, కొన్ని హద్దే లేదన్నట్టు 4096 వాట్లు పెట్టేస్తాయి. రెండో రకం బోర్డు చేతిలో ఉంటే, మీరు ఓవర్‌క్లాక్ చేయకపోయినా సగం ఓవర్‌క్లాక్ చేసినట్టే.

మూడోది కరెంటు పరిమితి. దీన్ని ఇంటెల్ ఎక్స్‌టీయూ అనే ప్రోగ్రామ్‌లో సులువుగా చూడొచ్చు. నాలుగోది వీఆర్‌ఎం వేడి. సీపీయూకి కరెంటు సర్దే భాగాలు సాకెట్ చుట్టూ హీట్‌సింకుల కింద ఉంటాయి. అవి మరిగిపోతే బోర్డే సీపీయూని తగ్గమని అంటుంది. దీని ఆనవాలు తేలిక. కోర్ 80లోనే ఉంటుంది, స్పీడు మాత్రం ఉన్నట్టుండి 1 గిగాహెర్ట్జ్ లోపలికి పడిపోయి, కొన్ని సెకన్లకు మళ్లీ లేస్తుంది. వాటర్ కూలర్ వాడేవాళ్లకు ఇది ఎక్కువ. ఎయిర్ కూలర్ ఫ్యాను నుంచి ఆ చుట్టుపక్కలకి కాస్త గాలి తగులుతుంది, వాటర్ బ్లాకు నుంచి ఏమీ రాదు. సాకెట్ దగ్గర గాలి ఆడేలా పైన ఒక ఫ్యాను పెడితే చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. చవక బోర్డు మీద పెద్ద చిప్పు కూర్చోబెట్టి ఉంటే మాత్రం ఓవర్‌క్లాక్ ఆశ వదులుకోండి.

వేడి ఎంత వేగంగా ఎక్కుతోందో చూడండి

ఆపుతున్నది వేడే అని తేలాక, గ్రాఫ్ తెరిచి టెస్టు మొదలుపెట్టండి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి పరీక్ష లేదు, పైసా ఖర్చు కూడా లేదు.

టెస్టు నొక్కిన రెండు మూడు సెకన్లలోనే 95, 100 కొట్టిందా? అయితే వేడి చిప్పు నుంచి కూలర్‌కు ఎక్కడమే లేదు. కూలర్ సరిగా కూర్చోలేదు, చిప్పుకీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయింది, వాటర్ కూలర్ పంపు ఆగింది, లేదా వోల్టేజీ దారుణంగా ఎక్కువ పెట్టారు. టెస్టు నడుస్తుండగా ఎయిర్ కూలర్ రెక్కల మీద, అడుగున పైపుల దగ్గర జాగ్రత్తగా వేలు పెట్టి చూడండి. చిప్పు 100లో ఉంటే అవీ బాగా వేడిగా ఉండాలి. గోరువెచ్చగా ఉన్నాయంటే మధ్యలో వేడి ఆగిపోయింది. తిరుగుతున్న ఫ్యానుకి మాత్రం వేలు దూరంగా పెట్టండి.

మొదట 80 దగ్గర నిలబడి, పది నిమిషాలకు మెల్లగా 95కి పాకిందా? అయితే కూలర్ పని చేస్తోంది, దానికి చల్లగాలే అందడం లేదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే టెస్టు మళ్లీ పెట్టండి. ఐదారు డిగ్రీలు తగ్గితే తప్పు క్యాబినెట్‌ది. రెండు డిగ్రీలు కూడా తగ్గకపోతే కూలర్ సామర్థ్యం అంతే, లేదా వోల్టేజీ తగ్గించాల్సిందే.

తీసి, తుడిచి, బిగించడం

మా బావమరిది సిస్టమ్ ఆన్ చేసిన నిమిషంలోనే ఆగిపోతోందని తెచ్చాడు. కూలర్ తీస్తే అడుగున 'వాడే ముందు తొలగించండి' అని రాసి ఉన్న ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. షాపులో బిగించి ఇచ్చినదే. నవ్వకండి, కొత్త సిస్టమ్ వేడెక్కితే నేను మొదట చూసేది ఇప్పటికీ అదే.

కూలర్ తీసే ముందు సిస్టమ్ పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ పీకేయండి. పేస్ట్ వెచ్చబడి మెత్తగా ఉంటుంది. తర్వాత కూలర్‌ని నిటారుగా లాగకుండా, అటూ ఇటూ కాస్త తిప్పుతూ వదులు చేయండి. ఏఎమ్4 సాకెట్ (5600ఎక్స్ లాంటి పాత రైజెన్‌లది) వాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎండిన పేస్ట్ చిప్పును పట్టుకుని సాకెట్‌లోంచి పిన్నులతో సహా పైకి లాగేస్తుంది. పిన్ను వంగితే ఆ సాయంత్రమంతా సూదీ భూతద్దంతో కూర్చోవాలి.

పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో తుడవండి. కొత్త పేస్ట్ బఠాణీ గింజంత మధ్యలో పెడితే చాలు. 13600కె లాంటి పొడుగు చిప్పులకు నిలువుగా ఒక గీత కూడా పెట్టొచ్చు. ఎంత పెట్టాలన్నది పెద్ద చర్చే గానీ, కాస్త ఎక్కువైతే అంచుల నుంచి బయటికి కారుతుంది, అంతే. తక్కువైతేనే నష్టం. స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకండి. కారు చక్రం నట్లలా ఎదురెదురుగా, రెండేసి చుట్లు చొప్పున బిగించండి.

13600కె కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో ఇంకో చిక్కుంది. చిప్పును పట్టి ఉంచే క్లిప్ మధ్యలో నొక్కడం వల్ల చిప్పు పైమూత కాస్త వంగుతుంది, కూలర్ అడుగు పూర్తిగా తాకదు. దీనికి కాంటాక్ట్ ఫ్రేమ్ అని విడిగా అమ్ముతారు. కొన్ని డిగ్రీలు తగ్గిస్తుంది. బిగించడంలో మాత్రం సున్నితంగా ఉండాలి. మరీ బిగిస్తే ర్యామ్ ఒక చానెల్ కనిపించకుండా పోతుంది. అవసరమైతేనే దాని జోలికి వెళ్లండి.

వాటర్ కూలర్ అయితే పంపు నడుస్తోందో లేదో ముందు చూడండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పంపు తిరిగే వేగం సున్నా ఉంటే కథ అక్కడే ముగిసింది. పంపును ఎప్పుడూ ఫుల్ స్పీడులో ఉంచండి. రేడియేటర్‌ను పైన బిగించండి, లేదా కనీసం రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండేలా చూడండి. గాలి బుడగలు ఎత్తైన చోటుకే చేరతాయి, అవి పంపులో చేరకూడదు.

గాలి సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. ముందు నుంచి లోపలికి, వెనక నుంచీ పైనుంచీ బయటికి. ముందంతా గాజుపలక అతికించిన అందమైన క్యాబినెట్లు మన వాతావరణానికి పనికిరావు. దుమ్ము బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి.

అసలు దొంగ వోల్టేజీ

కూలర్ పనులన్నీ చేశాక కూడా వేడి ఉంటే, ఇక బయోస్‌లోకి వెళ్లాల్సిందే. ఎక్కువ లాభం ఇక్కడే ఉంది కాబట్టి ఇక్కడ తీరుబడిగా కూర్చోండి.

చిప్పు తినే పవర్ స్పీడుతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. నా చిప్పు లెక్కే చూడండి. 5.1 గిగాహెర్ట్జ్ దగ్గర 1.20 వోల్టులు. 5.5కి 1.35. స్పీడు పెరిగింది 8 శాతం. వోల్టేజీ నిష్పత్తిని వర్గం చేసి, స్పీడుతో గుణిస్తే వేడి పెరిగింది దాదాపు 36 శాతం. అదే 5.3ని 1.24 వోల్టులతో నడిపితే స్పీడు 4 శాతం, వేడి 11 శాతం. సగం స్పీడు వదులుకుంటే వేడిలో మూడింట రెండు వంతులు తప్పింది. చిప్పు వేడెక్కేకొద్దీ లోపల వృథాగా కారిపోయే కరెంటు కూడా పెరుగుతుంది కాబట్టి, నిజంలో ఈ తేడా ఇంకాస్త ఎక్కువే.

కాబట్టి స్పీడు పెంచే ముందు వోల్టేజీ తగ్గించడం నేర్చుకోండి. బోర్డులు ఆటోలో వదిలేస్తే, స్పీడు పెంచినప్పుడు ఏ చిప్పైనా నడవాలని భయంభయంగా వోల్టేజీ దండిగా పోస్తాయి. మీ చిప్పుకి అంత అక్కర్లేకపోవచ్చు.

ఇంటెల్‌లో నేను చేసే వరస ఇది. బయోస్‌లో పేర్లు బోర్డుకొక రకంగా ఉంటాయి, అర్థం ఒకటే.

1. స్పీడు డిఫాల్ట్‌లోనే ఉంచి, వోల్టేజీని అడాప్టివ్ లేదా ఆఫ్‌సెట్ మోడ్‌లో పెట్టి మైనస్ 0.050 వోల్టులు ఇవ్వండి. సినీబెంచ్ పది నిమిషాలు.

2. నిలబడితే 0.025 చొప్పున ఇంకా తగ్గించండి. ఎక్కడో ఒకచోట టెస్టు ఆగిపోతుంది, లేదా నీలం తెర వస్తుంది. అక్కడి నుంచి ఒకటి రెండు మెట్లు వెనక్కి రండి. మీ చిప్పు గట్టిదో మామూలుదో ఇప్పుడు తెలిసింది.

3. ప్రతి మెట్టులో స్కోరు కూడా చూడండి. వేడి తగ్గి, స్పీడు 5.1 అనే చూపిస్తూ, స్కోరు మాత్రం వెయ్యి రెండు వేలు పడిపోయిందంటే మీరు మోసపోయారు. వోల్టేజీ చాలక చిప్పు లోపల్లోపల క్లాక్‌ని సాగదీస్తోంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ వరుస నిజం చెబుతుంది. ఇంటెల్ బోర్డుల్లో సీఈపీ అనే రక్షణ ఆన్‌లో ఉన్నా ఇలా జరుగుతుంది. జెడ్ సిరీస్ బోర్డుల్లో సాధారణంగా దాన్ని ఆపుకోవచ్చు.

4. ఇప్పుడు పీ-కోర్ల (వేగమైన పెద్ద కోర్లు) మల్టిప్లయర్ 52, అంటే 5.2 గిగాహెర్ట్జ్, చేయండి. నడిస్తే 53. ఆగితే వోల్టేజీ 0.010 పెంచి మళ్లీ చూడండి. ఈ-కోర్లను (కరెంటు తక్కువ తినే చిన్న కోర్లు) మొదట్లో కదపకండి.

5. నోటు పుస్తకంలో ఒక్కో 100 మెగాహెర్ట్జ్‌కి ఎంత వోల్టేజీ పట్టిందో రాయండి. మొదటి మెట్లకు 0.020, 0.025 చాలుతుంది. ఒకచోట ఉన్నట్టుండి 0.050 అడుగుతుంది. దానికి ముందు మెట్టే మీ చోటు. నాకది 5.3 దగ్గర వచ్చింది. ఆ పైన 5.4, 5.5 కోసం పోసిందంతా వేడిగానే పోయింది.

లోడ్‌లైన్ కాలిబ్రేషన్ అని ఒక సెట్టింగు కనిపిస్తుంది. లోడ్ పడినప్పుడు వోల్టేజీ కాస్త జారుతుంది, దాన్ని ఎంత పట్టి ఉంచాలో ఇది చెబుతుంది. మధ్య స్థాయిలో పెట్టండి. అన్నిటికంటే గట్టి స్థాయి పెడితే లోడ్ వదలగానే వోల్టేజీ పైకి ఎగురుతుంది, అది చిప్పుకి మంచిది కాదు. ఇంకో తిరకాసు, కొన్ని బోర్డుల్లో 1 గట్టిది, కొన్నింట్లో 8 గట్టిది. పక్కన చూపించే గీత బొమ్మ చూసి తేల్చుకోండి, వేరే బోర్డు వీడియో చూసి అంకె దించేయకండి.

చివరగా కాపలా పెట్టండి. వాట్ల పరిమితులైన పీఎల్1, పీఎల్2 రెండూ 181 దగ్గర, లేదా మీ కూలర్ మోయగలిగిన చోట. బోర్డులో టెంపరేచర్ లిమిట్ ఉంటే 92 పెట్టండి. చిప్పు 100కి వెళ్లి తల గోడకు కొట్టుకునే బదులు, 92 దగ్గరే మెల్లగా సర్దుకుంటుంది.

రైజెన్ వాళ్లకు

రైజెన్‌లో అన్ని కోర్లకూ ఒకే స్పీడు పెట్టే పాత పద్ధతి నాకు నచ్చదు. ఒక్క కోరే పని చేసేటప్పుడు చిప్పు తనంతట తాను ఎక్కే ఎత్తు దాంతో పోతుంది. పీబీవో (చిప్పు తానే స్పీడు పెంచుకునే ఏఎమ్‌డీ పద్ధతి), దానిలో వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ వాడండి. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అన్ని కోర్లకూ మైనస్ 10తో మొదలుపెట్టి, 15, 20 అని దిగండి. వోల్టేజీ తగ్గి ఖాళీ ఏర్పడగానే చిప్పు తానే స్పీడు పెంచుకుంటుంది. వేడి తగ్గడం, స్పీడు పెరగడం రెండూ ఒకేసారి జరిగేది ఇక్కడే.

దీనిలో ఒక మెలిక ఉంది. సినీబెంచ్ గంట నడిచినా, తర్వాత బ్రౌజర్ తెరిచి ఖాళీగా వదిలేసినప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. తేలిక పనిలో ఒక్క కోరు బాగా పైకి ఎగిరినప్పుడే వోల్టేజీ చాలదు. కోర్‌సైక్లర్ అనే చిన్న స్క్రిప్టు ఒక్కో కోరునూ విడిగా పరీక్షిస్తుంది, రాత్రంతా వదిలేయండి. రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం గుర్తున్న మంచి కోర్లే సాధారణంగా తక్కువ మైనస్ తట్టుకుంటాయి. వాటికి మైనస్ 5 అయినా సరిపెట్టుకోండి.

వాట్ల పరిమితి పీపీటీ. 5600ఎక్స్‌కి అది మొదట 76 వాట్లే. పీబీవో ఆన్ చేసి పరిమితులను బోర్డుకే వదిలితే, అది దాన్ని గాలికి వదిలేస్తుంది. మీరే 100 దగ్గర కట్టేసి చూడండి, స్కోరులో తేడా పెద్దగా కనపడదు.

రైజెన్ 7000 కొన్నవాళ్లు 95 చూసి కంగారు పడుతుంటారు. 7600ఎక్స్, 7950ఎక్స్ లాంటివి ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్లి, అక్కడ ఎంత స్పీడు వస్తే అంత తీసుకునేలానే తయారయ్యాయి. పెద్ద కూలర్ పెట్టినా చాలాసార్లు కాస్త స్పీడు పెంచుకుని మళ్లీ 95కే వస్తాయి. అంకె తగ్గాలంటే పీబీవోలో థర్మల్ లిమిట్ 85 పెట్టండి, లేదా తక్కువ వాట్లతో నడిపే ఎకో మోడ్ వేయండి. ఇక ఈ చిప్పులు కూర్చునే ఏఎమ్5 బోర్డుల్లో ఎస్‌ఓసీ వోల్టేజీ (చిప్పులో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు అందేది) 1.30 దాటనివ్వొద్దు. 2023లో కొన్ని 7000 ఎక్స్3డీ చిప్పులు సాకెట్‌లోనే కాలిపోయాక ఏఎమ్‌డీ పెట్టిన కట్టడి అది. అప్పటి పాత బయోస్ ఇంకా ఉంటే వెంటనే మార్చండి.

నిలబడిందని ఎప్పుడు అనుకోవాలి

పది నిమిషాల సినీబెంచ్ గడప దాటడం మాత్రమే. తర్వాత ఓసీసీటీ అనే టెస్టు గంటసేపు. ప్రైమ్95 చిన్న ఎఫ్‌ఎఫ్‌టీల టెస్టు మామూలు పనుల్లో ఎప్పుడూ రానంత వేడి పుట్టిస్తుంది. దానిలో 100 తాకిందని ఓవర్‌క్లాక్ పాడని అనుకోకండి. మీరు చేసే పనిలో తాకుతుందో లేదో ముఖ్యం. నేను రెండు గంటల రెండరింగ్ పెట్టి చూస్తాను. ఆటలాడేవాళ్లు తాము ఆడే ఆటే మూడు గంటలు ఆడండి. అప్పుడు గ్రాఫిక్స్ కార్డు వేడి కూడా క్యాబినెట్‌లో కలుస్తుంది. సీపీయూ టెస్టులు ఒక్కటే నడిపితే ఆ సంగతి తెలియదు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అట్టడుగున విండోస్ హార్డ్‌వేర్ ఎర్రర్స్ అనే వరుస ఉంటుంది. సిస్టమ్ ఆగకపోయినా అక్కడ అంకె సున్నా నుంచి కదిలితే, చిప్పు తప్పులు చేస్తూ సర్దుకుంటోందని అర్థం. 0.010 వోల్టులు పెంచండి. అన్నీ కుదిరాక చివర్లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి మళ్లీ ఒకసారి పరీక్షించండి. ఎప్పుడైనా తెర నల్లగా ఉండిపోయి బయోస్ కూడా రాకపోతే భయం లేదు. ప్లగ్ పీకి, బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెట్టండి.

టెస్టులు చలికాలంలో చేస్తుంటే వేసవి లెక్క కలుపుకోవడం మరవొద్దు. మీ తేడా అంకెకి మీ గది గరిష్ఠ వేడి కలపండి. 92 దాటితే ఒక మెట్టు దిగండి. నా 5.3 దగ్గర తేడా 51. 38 కలిపితే 89. మే నెలలో నిజంగానే 88, 89 మధ్య ఆడింది.

గది సంగతి

సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు కలిపి 400 వాట్లు తింటే, ఆ 400 వాట్లూ చివరికి మీ గదిలోనే వేడిగా తేలతాయి. తలుపులు వేసుకున్న చిన్న గదిలో గంట గడిస్తే కూలర్ పీల్చేది 38 కాదు, 41. టేబుల్ అరలో, గోడకు ఆనించి ఉన్న క్యాబినెట్‌ను ఒక జానెడు ముందుకు లాగడమే నేను ఎప్పుడూ ఉచితంగా చెప్పే సలహా.

నీళ్ల ఎయిర్ కూలర్ ఉన్న ఇళ్లలో దాన్ని నేరుగా సిస్టమ్ వైపు తిప్పుతుంటారు. వద్దు. తెలంగాణ పొడి ఎండలో అది గదిని బాగానే చల్లబరుస్తుంది, కోస్తా ఉక్కలో అంతగా కాదు. ఎక్కడైనా సరే, ఆ తడిగాలిలో వచ్చే సన్నటి తుంపర, బోరు నీళ్ల ఉప్పు హీట్‌సింకు రెక్కల మీద తెల్లగా పేరుకుంటాయి. గదిని చల్లబరచనివ్వండి, క్యాబినెట్‌కు ఎదురుగా మాత్రం వద్దు.

కరెంటు విషయమూ చూసుకోండి. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లే. ఓవర్‌క్లాక్ తర్వాత కరెంటు పోగానే యూపీఎస్ కూడా కీచుమని ఆగిపోతే, చిప్పు మీద అనుమానం పెట్టుకుని మళ్లీ వోల్టేజీలు కెలక్కండి. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ పవర్ సప్లై) చవకదైతే అక్కడా ఇదే తంతు.

బయోస్‌లో ప్రొఫైళ్లు దాచుకునే చోటు ఉంటుంది. నేను రెండు పెట్టుకున్నాను. 'చలి' అనే దానిలో 5.4, 'ఎండ' అనే దానిలో 5.3. ఉగాదికి ఇల్లు దులిపే రోజున క్యాబినెట్ ఫిల్టర్లు కూడా దులిపి, ఎండ ప్రొఫైల్ వేసేస్తాను. దీపావళి దాటాక మళ్లీ చలికి మారుస్తాను. ఆ 5.5 ప్రొఫైల్‌ను మాత్రం డిలీట్ చేసేశాను.